కాగితం కింద పేరు

ఎవరైనా పాత ఎలక్ట్రిక్ కారు దానం ఇస్తామంటే, సేవాసంస్థల్లో రవాణా చూసే పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు ముందు బ్యాటరీ ఎంత మిగిలిందని అడుగుతారు. తరువాత బీమా, ఆ తరువాత టైర్లు. నేనూ అదే వరసలో అడిగాను. అన్నిటికీ సరైన జవాబులే వచ్చాయి. తలుపు మీద ఏం రాయిస్తారన్నది నా ప్రశ్నల్లో లేదు. అది అడగవలసిన ప్రశ్న అని ఈ జిల్లాలో పుట్టి పెరిగిన ఎవరికీ తోచదు.

ఇచ్చిన వస్తువు మీద ఇచ్చినవారి పేరు ఉండటం మా వైపు గిన్నె మీద పేరు కొట్టించుకున్నంత సహజం. బడిలో సిమెంటు బల్ల మీద ఉంటుంది. శ్మశానంలో నీళ్ళ తొట్టి మీద ఉంటుంది. కళ్యాణ మండపంలో ఫ్యాను మూడు రెక్కల మీదా ఒకే పేరు మూడుసార్లు ఉంటుంది. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ అది కనబడదు. కరెంటు పోయాక చెమట తుడుచుకుంటూ తీరిగ్గా చదువుకోవచ్చు. అందుచేత ఆ దాత తన తండ్రి పేరు కారు మీద ఉండాలన్నప్పుడు, సంస్థ తరఫున ‘తప్పకుండా’ అని నేనే చెప్పాను.

నేను పలాసలో కిడ్నీ రోగులకు సాయపడే ఒక చిన్న సంస్థలో రవాణా పర్యవేక్షకురాలిగా పనిచేసి, ఏభై నిండిన మరుసటి ఏడు మానుకున్నాను. ఉద్దానం ఊళ్ళ నుంచి రోగులను డయాలసిస్‌కు తీసుకువచ్చి, అయ్యాక ఇళ్ళ దగ్గర దింపడం మా పని. వారానికి మూడు విడతలు, విడతకు నాలుగు గంటలు యంత్రం మీద పడుకోవాలి. ఒక విడత తప్పితే ఒంట్లో నీరు చేరుతుంది, వరసగా తప్పితే ఊపిరి అందదు. ఈ కథకు అంతకన్న వైద్యం అక్కరలేదు.

మా పాత డీజిలు వ్యాను సోంపేట, జలంత్రకోటల వైపు తిరిగేది. పూండి దాటి సముద్రం వైపున్న ఊళ్ళకు మా దగ్గర ఏ బండీ లేదు. అక్కడి రోగులు ఆటోల్లో వచ్చేవారు. సూదులు గుచ్చిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, గోతుల రోడ్డు మీద ఊగుతూ తిరిగి వెళ్ళేవారు. అలాంటి రోజుల్లో ఈ దాత మా ఆఫీసుకు వచ్చాడు. పలాసలో జీడిపిక్కల ఫ్యాక్టరీ ఉన్న మనిషి. సొంత ఊరు ఆ తీరంలోదే. తండ్రి ఆ ఊరికి చాలాకాలం సర్పంచి. తమ్ముడు ఇప్పటికీ రాజకీయాల్లో తిరుగుతున్నాడు. ఈయనకు ఫ్యాక్టరీ తప్ప వేరే ధ్యాస లేదు.

“కొత్తది కొన్నాను మేడమ్. దీన్ని అమ్మితే ఏటొస్తాది? మా వూరోళ్ళకి పనికొస్తే మా నాన్న పేరు నిలబడతాది,” అన్నాడు.

కారు చూశాను. తెల్లది, శుభ్రంగా ఉంది. బ్యాటరీ అలసిపోయింది. ఏసీ వేయకుండా నడిపితే, నిండా ఎక్కించిన చార్జి ఆ ఊళ్ళకు వెళ్ళి వచ్చేందుకు సరిపోతుంది. రోగులు యంత్రం మీద ఉన్న నాలుగు గంటల్లో మళ్ళీ చార్జి చేస్తే, వాళ్ళను దింపి తిరిగి రాగలదు. లెక్క సరిగ్గా కుదిరింది. లెక్క కుదిరితే నాకు నిద్ర పడుతుంది. ఆ రాత్రి పట్టింది కూడా.

చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి అప్పగించారు. స్టిక్కర్ల కుర్రాడు రెండు వైపులా ముందు తలుపుల మీద ఎర్ర రేడియం అక్షరాలు అతికించాడు. కీర్తిశేషులు ఫలానా, మాజీ సర్పంచి గారి జ్ఞాపకార్థం అని, ఆమడ దూరం నుంచి చదవగలిగేటంత పెద్దవి. మా డ్రైవరు పూర్వం ఆటో నడిపినవాడు, నలభై దాటినవాడు. కారు ముందుకు పోనిచ్చి దిగి, “నిమ్మకాయ నలిగిన సప్పుడు ఇనబడింది గాని బండి సప్పుడు ఇనబడనేదు మేడమ్,” అన్నాడు.

మొదటి రోజే ఆ డ్రైవరు దారిలోంచి ఫోను చేశాడు.

“ముగ్గురెక్కినారు మేడమ్. నాలుగో ఆయన తలుపు సదివీసి ఇంటికెల్లిపోనాడు.”

“చదివి వెళ్ళిపోవడమేమిటి?”

“అదే మేడమ్. సదివినాడు, ఎల్లిపోనాడు.”

తరువాతి విడతకు నేనే ఆటోలో వెంట వెళ్ళాను. నాలుగో ఆయన కొబ్బరి రైతు, అరవైకి దగ్గర పడినవాడు. ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కాళ్ళు అప్పటికే పొంగి ఉన్నాయి. ఆయన భార్య చేతిసంచి, దుప్పటి సిద్ధంగా పెట్టుకుని రోడ్డు మీదకే వచ్చి నిలబడింది. ఆమెకు ఆ కారు నచ్చింది. వెనుక సీటు మీద చెయ్యి వేసి చూసి, మెత్తగా ఉందని మొదటి రోజే సంబరపడిందట. అంతలో ఆయన తలుపు మీది అక్షరాలను కూడబలుక్కుంటూ పైకి చదివాడట. ఆమె చెయ్యి తీసేసిందట.

“బండి మంచిదే సెల్లమ్మా,” అన్నాడాయన నాతో. మొదటి మాట నుంచీ నన్ను చెల్లెలి వరస పెట్టే పిలిచాడు. “పొగ నేదు, సప్పుడు నేదు. ఆడి పేరు కింద మట్టుకు నాను కూకోను.”

కారణం దాచలేదు. వెనకటికి ఆ ఊరికి మంచినీళ్ళ పైపు వచ్చింది. ఈయన వీధి మలుపు దాకా వచ్చి, మలుపు తిరగకుండా సర్పంచి తోటలోకి వెళ్ళి ఆగిపోయింది. వీధంతా పాత నూతి నీళ్ళే తాగింది. వరసకు సర్పంచి ఈయనకు అన్న అవుతాడు.

“ఈవిడ బిందెట్టుకుని తోట గేటుకాడికెల్తే ఏటన్నాడో తెలుసా? ఓటు ఎటేసినారో నీళ్ళూ అటే అడుక్కోండి అన్నాడు. నవ్వుతా అన్నాడు. పదిమంది ఉన్నారు, ఆలూ నవ్వినారు.”

ఈ జబ్బు నీళ్ళ వల్లనే వస్తోందని ఇంకా ఎవరూ తేల్చలేదని నేను చెప్పాను. నాకు తెలిసినంతవరకు అది నిజం. ఆ సర్పంచి కూడా ఇదే జబ్బుతో పోయాడని విన్నానని అన్నాను.

“పోనాడు. పైపు నీళ్ళు తాగినోడికీ వచ్చింది. ఆ నీళ్ళు ఆడికీ పని సెయ్యనేదు.”

“మరి ఇంకా కోపమెందుకన్నా?”

ఆయన తన పొంగిన కాళ్ళకేసి చూసుకున్నాడు. “జబ్బు ఎందుకొచ్చిందో నాకు తెల్దు సెల్లమ్మా. దాహం ఎందుకేసిందో నాకు తెలుసు.”

భార్య సంచి అరుగు మీద పెట్టేసింది. “పేరుదేటి? పేరు కరుత్తాదా?”

“నీకు సదువు రాదు గనక కరవదు,” అన్నాడాయన.

ఆమె నవ్వలేదు. నాకేసి చూసి, “సెప్పమ్మా, నువ్వయినా సెప్పు,” అంది. చెప్పగలిగిందంతా చెప్పాను. బయట కారులో ముగ్గురు రోగులు చెమటలు కక్కుతూ ఎదురుచూస్తున్నారు. వాళ్ళ యంత్రాల వేళ మించిపోతోంది. లేచి వచ్చేశాను.

ఆ తరువాతి నెలలు ఆయన ఆటోలోనే వచ్చాడు. రాగలిగినప్పుడు వచ్చాడు. రోగులకిచ్చే పింఛను ఆటోకే సరిపోని నెలలో మానేశాడు, వాన కురిసిన రోజు మానేశాడు. డయాలసిస్ గదిలోని టెక్నీషియను ప్రతి విడతా ఆయనను బరువు తూచి, తల అడ్డంగా ఊపి, నా వైపు చూసేవాడు. పూండి దాకా డీజిలు వ్యానును మళ్ళించడం కుదురుతుందేమోనని చూశాను. అలా చేస్తే సోంపేట వైపు ఇద్దరి విడత తప్పుతుంది. ఒకరి ప్రాణం కోసం ఇద్దరివి. అలాంటి తీసివేతలు చేయడం నాకు తెలియదు.

ఇంతలో ఎన్నికలు వచ్చాయి.

నియమావళి అమల్లోకి రాగానే ఊళ్ళలో విగ్రహాలకు గుడ్డలు చుట్టారు, శిలాఫలకాలకు కాగితాలు అంటించారు. ఒకరోజు పూండి దగ్గర తనిఖీవాళ్ళు మా కారును ఆపారు. సర్పంచి రెండో కొడుకు ఆ ఎన్నికల్లో ప్రచారం చేస్తున్నాడు. తండ్రి పేరు అంత పెద్ద అక్షరాలతో ఊళ్ళలో తిరిగితే ప్రచారం కిందికి వస్తుంది, మూయండి అన్నారు. డ్రైవరు మైదా ఉడికించి, రెండు తలుపులకూ గోధుమరంగు కాగితం అంటించాడు. ముప్ఫై ఏళ్ళుగా ఎన్నికలు చూస్తున్నాను. వాటి వల్ల ఒక రోగికి మేలు జరగడం చూసింది ఆ ఒక్కసారే.

ఆ మరుసటి విడతకు ఆయన రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాడట. కారు చుట్టూ తిరిగి చూశాడట.

“పేరేదల్లుడా?”

“ఎలచ్చన్లు మింగీసినాయి మావా.”

“అయితే ఇప్పుడిది ఎవుల బండి?”

“ఎవులదీ కాదు. ఎక్కుతావా, నేదా?”

ఎక్కాడు. ఆసుపత్రి దగ్గర దిగుతూ నన్ను చూసి, “ఎన్నో ఓట్లేసినాను సెల్లమ్మా. నాకు దక్కింది ఇదిగో ఈ కాయితమే,” అన్నాడు.

ఆ వేసవి నా ఉద్యోగంలో మంచికాలం. జీడితోటల్లో రాలిన పళ్ళ పులిసిన వాసన దారి పొడవునా కారులోకి వచ్చేది. ఆయన ప్రతి విడతా తన తోటలోంచి ఒక కొబ్బరి బొండాం కొట్టించి తెచ్చేవాడు. కిడ్నీ పాడైనవాళ్ళకు కొబ్బరి నీళ్ళు గుండెను ఆపేటంత ప్రమాదం. కొబ్బరి రైతుకు ఆ సంగతి తెలియడమంత వింత శిక్ష మరొకటి ఉండదు. బొండాం డ్రైవరు కోసం.

“మేం తాగితే పైకి పోతాం. నువ్వు తాగల్లుడా, నలుగురం సూత్తాం,” అనేవాడు.

డ్రైవరు మొదట సిగ్గుపడ్డాడు. తరువాత దాన్ని ఒక బాధ్యతగా తీసుకున్నాడు. అతను తాగుతుంటే నలుగురూ అతని గొంతు వంక చూసేవారు. “మెల్లగా తాగరా, దిగతన్నట్టు కనబడాల,” అని వెనుక సీటులోంచి ఒకామె గదమాయించేది. నేనొకసారి అది కళ్ళారా చూశాను. నవ్వాను. ఇంటికి వెళ్ళాక ఆ రోజు నేను నీళ్ళు సరిగ్గా తాగలేకపోయాను.

చార్జింగు తీగను చూసి కూడా ఆయన ఊరుకోలేదు. “మా జబ్బే దీనికీనూ. మేం లోపల గొట్టమెట్టించుకుని తొంగుంటే, ఇది బయట తీగెట్టించుకుని తొంగుంటాది. నాలుగు గంటలూ కాగానే లెగిసి, ఒకలి మొకం ఒకలు సూసుకుని ఇంటికెల్తాం.”

కాళ్ళ వాపు తీసింది. ముఖం తేలికపడింది. టెక్నీషియను నా వైపు చూడడం మానేశాడు.

ఓట్ల లెక్కింపు దగ్గర పడింది. అది అయిపోగానే కాగితం తీసేయవలసి ఉంటుంది. ముందుగానే దాతతో మాట్లాడటం మంచిదనుకున్నాను. ఈ ఉద్యోగంలో నేను నమ్మిన సూత్రం అదొక్కటే: ఏ విషయమైనా చెడకముందే మాట్లాడాలి. ఫ్యాక్టరీకి వెళ్ళాను. ఆడవాళ్ళు వరసగా కూర్చుని పప్పు మీది పొట్టు తీస్తున్నారు. ఒక మూల తన బల్ల దగ్గర ఆయన నా మాటలన్నీ విన్నాడు. పైపు సంగతి, గేటు దగ్గరి మాట సంగతి కూడా చెప్పాను. కాదనలేదు.

“మా నాన్న అలాంటోడే మేడమ్. నాకూ తెలుసు,” అన్నాడు. “ఆకర్న డయాలసిస్‌కి ఆ కారులోనే నేను తిప్పేవోణ్ణి. వచ్చేటప్పుడు నా బుజం మీద తలెట్టుకుని పడుకునీవోడు. ఆరోగ్యంగా ఉన్నన్నాళ్ళు నా మీద సెయ్యెయ్యలేదు. అందికే ఆ కారు అమ్మలేకపోయాను,” అన్నాడు.

నేను కాగితం సంగతి మళ్ళీ ఎత్తలేకపోయాను. ఆయనే ఎత్తాడు. “కాయితం ఉంచండి మేడమ్. పేరు కనపడకపోతే మా నాన్న ఏటి మళ్ళీ సచ్చిపోడు కదా. కానీ సిన్నాన్నని నేనే వచ్చి అడుగుతాను. మా ఇంటి మనిషి వచ్చి రమ్మంటే ఆయన మనసూ కుదుటపడతాది.”

అంతకన్న మర్యాదైన ఆలోచన ఎవరికి వస్తుంది? నాకు సంతోషం వేసింది. కొత్తగా పనిలోకి వచ్చే మీకు ఈ సంతోషం గురించి హెచ్చరించాలనే ఇదంతా రాస్తున్నాను. హెచ్చరించాక ఏం చేయాలో మాత్రం నన్నడగకండి.

లెక్కింపు అయిన తరువాతి సోమవారం వెళ్ళాం. మా కారులో నలుగురు రోగులకే చోటు కనుక, దాత తన కొత్త కారులో నన్ను ఎక్కించుకుని వెనకాల వచ్చాడు. అది పెద్ద డీజిలు బండి. ఊళ్ళోకి అడుగు పెట్టకముందే దాని చప్పుడు చేరిపోయింది. వీధి మలుపుకు చేరేసరికి జనం గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. కొబ్బరి రైతు ఎప్పటిలా రోడ్డు మీద ఉన్నాడు. చేతిలో బొండాం ఉంది. మా తెల్ల కారు తలుపు మీద కాగితం చెక్కుచెదరకుండా ఉంది.

దాత దిగి, చెప్పులు కారు దగ్గరే విడిచి, చేతులు జోడించి ముందుకు వెళ్ళాడు. ఊరు చేరగానే ఆయన మాట కూడా ఊరి మాటయింది.

“ఎక్కు సిన్నాన్నా. నీకోసరమే వచ్చినాను. కాయితం అలాగే ఉంటాది.”

కొబ్బరి రైతు ఆ చెప్పులు లేని కాళ్ళ వంక, పెద్ద బండి వంక, గుమ్మాల్లోని మనుషుల వంక చూశాడు. బొండాం భార్య చేతికిచ్చాడు.

“ఇన్నాళ్ళూ ఇది ఎవుల బండీ కాదనుకుని ఎక్కినాను బాబూ. ఇప్పుడు నువ్వొచ్చి ఎక్కమన్నావు. ఇంక నీ బండి కాదని నాను ఎలాగనుకునేది?”

“నాది కాదు సిన్నాన్నా. ఇచ్చీసినాను.”

“ఇచ్చీసినోడు పిలవడానికి రాడు.”

భార్య ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన విడిపించుకోలేదు. చాలా శాంతంగా, అడగవలసినది ఎప్పుడో సిద్ధం చేసి పెట్టుకున్నవాడిలాగ అడిగాడు. “ఒక్క పని సెయ్యి. అదిగో ఆ మలుపుకాడ నిలబడి, నీళ్ళ ఇసయంలో మా నాన్న తప్పు సేసినాడు అని ఒక్క మాట అను. ఈలందరూ ఇంటారు. కాయితం కూడా పీకీ. అచ్చరాలు ఎంత పెద్దవైనా ఎక్కుతాను.”

వీధి మొత్తం ఎదురుచూసింది. ఫ్యాక్టరీలో నాతో ‘అలాంటోడే’ అన్న మనిషి ఇక్కడ నోరు తెరిచాడు. ఎవరి ముందు అనమంటున్నారో చూశాడు. వీళ్ళలో కొందరు ఆ రోజు తోట గేటు దగ్గర నవ్వినవాళ్ళే. తండ్రి తల ఆయన భుజం మీద ఉందనే నాకనిపించింది. ఆయన మా కారు దగ్గరికి నడిచాడు. గాలికి ఒక అంచు లేచిన కాగితాన్ని అరచేత్తో నొక్కి సరిచేశాడు. ఆయన చేయగలిగింది అంతే.

“అతికించమన్నేదు బాబూ,” అన్నాడు కొబ్బరి రైతు.

కారులోని ముగ్గురిలో ఒకామె, “ఓ మావా, ఏ మాటా వద్దు, రా, మాతోటి రా,” అంది. డ్రైవరు గడియారం చూసుకుని, నన్ను చూశాడు. వెళ్ళమని తల ఊపవలసినది నేనే. ఊపాను. ఆ కారు వెళ్ళేటప్పుడు ఎలాగూ చప్పుడు ఉండదు. ఆ రోజు నా డైరీలో ఒక వాక్యం మాత్రమే ఉంది: నాలుగో సీటు ఖాళీ.

తరువాతిది క్లుప్తంగా చెబుతాను. కాగితం తొలకరి వానకు నాని ఊడిపోయింది. అది ఉన్నా లేకపోయినా ఒకటే అయింది. ఆయన కొన్ని విడతలు ఆటోలో వచ్చాడు, ఎక్కువ విడతలు రాలేదు. దాత ఆటో ఖర్చు తానిస్తానని నా ద్వారా కబురు పెట్టాడు. అది ఏ జవాబు తెస్తుందో తెలిసే చేరవేశాను, అదే తెచ్చాను. వానాకాలం వెళ్ళకముందే ఒక ఉదయం డ్రైవరు ఫోను చేసి, ఈసారి ఒక్క మాటే చెప్పాడు. “పోనాడు మేడమ్.” ఆ తరువాత అతను కొబ్బరి నీళ్ళు తాగగా నేను చూడలేదు.

కర్మకాండ అయిన మరునాడు దాత ఫోను చేశాడు. తలుపుల మీది అక్షరాలు పీకించేయమన్నాడు. ఆ స్టిక్కర్ల కుర్రాడే వచ్చి, బ్లేడుతో, థిన్నరుతో శ్రద్ధగా తీశాడు. అయితే అన్నాళ్ళ ఎండకు, ఉప్పుగాలికి కారు తెలుపు మాసి పసుపు తిరిగింది. స్టిక్కరు కింద మాత్రం కొత్తగా ఉండిపోయింది. ఎర్ర అక్షరాలు పోయిన చోట అవే అక్షరాలు స్వచ్ఛమైన తెలుపులో మిగిలాయి. కుర్రాడు మరోసారి రుద్దాడు. రుద్దినకొద్దీ అవి ఇంకా తేటగా కనిపించాయి.

నేను పని మానుకోబోయే నెలలో ఆ ఊరి నుంచి కొత్త రోగి పేరు వచ్చింది. కొబ్బరి రైతు భార్యదే. ఆ మొదటి ప్రయాణానికి నేనూ ఆటోలో ముందుగా వెళ్ళాను. అదే చేతిసంచి, అదే దుప్పటితో ఆమె రోడ్డు మీద నిలబడి ఉంది. కారు చప్పుడు లేకుండా వచ్చి ఆమె ముందు ఆగింది. ఆమె ఎక్కలేదు. ముందు తలుపు మీద వేళ్ళతో తడిమి చూసింది. నున్నగా ఉంది.

“తీసీసినారా?” అని అడిగింది.

కారులో ఉన్నవాళ్ళందరికీ చదువు వచ్చు. ఒకామె కిటికీలోంచి అటు తిరిగి తోటలు చూస్తోంది. డ్రైవరు స్టీరింగు వంక చూస్తున్నాడు. ఆమె నా వైపు తిరిగింది.

“తీసేశారమ్మా,” అన్నాను.

ఆమె తలుపు తీసుకుని, వెనుక సీటును ఒకసారి చేత్తో తుడిచి, ఆయన చోటులో కూర్చుంది.